అయిదుంబావు నీళ్లు

సందు మొదట్లో సర్వి బాదులు అడ్డంగా కట్టి
ఎర్రగుడ్డ పేలిక వేలాడదీసి వెళ్లారు.
లోపల నలభై మూడు గడపలం.
మిర్చియార్డు మూతపడి అప్పటికి పన్నెండు రోజులు.

దగ్గు మాకు కొత్తా?
తొడిమలు తీసే చేతులు మావి.
యార్డు మీదుగా గాలి మళ్లిందంటే
సంగడిగుంట సంగడిగుంటంతా దగ్గేది, తుమ్మేది,
ముక్కు తుడుచుకుని నవ్వుకునేది.
ఇప్పుడు అర్ధరాత్రి ఎక్కడో ఒక్క దగ్గు వినపడితే
పక్కింట్లో లైటు వెలుగుతోంది.
ఆ పక్కింట్లో కిటికీ మూసుకుంటోంది.

అయినా తెల్లారి అయిదుంబావుకి
కుళాయి ముందు గాలి మింగి, గురగురమని
గొంతు సవరించుకునేది.
ఏసోబు వచ్చాడన్నమాట.

అతని మొహం నేనెప్పుడూ సరిగా చూళ్లేదు.
రోడ్డు మధ్య గుంటలోకి వంగిన వీపు చూశాను.
మనిషంత పొడుగు ఇనప తాళంచెవి తిప్పే భుజాలు చూశాను.
నీళ్లు రాని రోజున తిట్టడానికే ఆ పేరు గుర్తు.
“మేడలోళ్లకి అరగంటా, మాకు పావుగంటా” అని
వాళ్లమ్మను కూడా కలిపి తిట్టాను ఒకసారి.
వీపు తిరగలేదు.

మస్తాన్‌బీ గడప అవతలే నిలబడి అరిచేది:
“జొరముందా? నోటికి రుచి తెలుస్తందా?”
“ఏం పెట్టి అడుగుతున్నావే రుచి?” అంది మా అత్త.
ఆశా కాయితంలో ఆమె ఏం రాసుకుందో గానీ
మర్నాడు గొళ్లేనికి సంచి వేలాడుతోంది,
కందిపప్పు, ఆరు గుడ్లు, ఒకటి చిట్లింది.

వార్డు వాలంటీరు వినీలు బియ్యం తెచ్చాడు.
మిషను నా వేలిని ఒప్పుకోలేదు.
ఇరవయ్యేళ్ల కారం గీతలన్నీ తినేసింది.
తుడిచాడు, నొక్కాడు, ఊదాడు, మళ్లీ నొక్కాడు.
ఆఖరికి తన వేలే పెట్టేశాడు.
“అడిగితే నేను చెప్పుకుంటాలే అక్కా.”
ఆ నెల మా సందులో పదకొండు ఇళ్లు
ఆ కుర్రాడి వేలితోనే అన్నం తిన్నాయి.

పందొమ్మిదో రోజు
అయిదుంబావు అయింది. కుళాయి పలకలేదు.
ఆరు. ఆరున్నర.
బిందెలు నోళ్లు తెరుచుకుని వరసలో కూర్చున్నాయి.
ఎవరూ తిట్టలేదు.
తిట్టు నాలిక దాకా వచ్చి
ఎందుకో భయపడి వెనక్కి పోయింది.

ఏడింటికి మస్తాన్‌బీ చెప్పింది,
రాత్రి అంబులెన్సులో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారట.
తాళంచెవి వాళ్లింటి గోడకి ఆనించి ఉందట.
ముట్టుకునే మనిషి లేడట.

వినీలు మోసుకొచ్చాడు, బ్లీచింగు నీళ్లతో కడిగి.
ఎటు తిప్పాలో వాడికి తెలీదు, నాకూ తెలీదు.
ఫోను స్పీకర్లో పెట్టాడు.
అవతల మిషన్ల చప్పుడు, ఎవరో నర్సు కోప్పడటం,
తర్వాత ఊపిరి, ఊపిరికీ ఊపిరికీ మధ్య మాట:
“ఎడమకి... పదకొండు చుట్లు.
పన్నెండోది వద్దు... పైపు పాతది, పగుల్తది.”
నేనో కొస, వాడో కొస పట్టుకుని తిప్పాం.
ఏడో చుట్టుకి భుజం ఊడొచ్చినంత పనైంది.
రోజూ ఇన్ని సందులు ఎట్టా తిప్పేవాడో.
“చివరింటికి ఎక్కదు తొందరగా.
అరగంట... ఉంచండి” అన్నాడు.
నా గొంతు గుర్తుపట్టాడో లేదో
అడిగే మొహం లేకపోయింది నాకు.

ఇరవై ఆరు రోజులకి తిరిగొచ్చాడు,
సగం మనిషై.
జీతంలో అన్ని రోజులూ గైరుహాజరని కోశారు.
కోసినాయన ఇంట్లో కుళాయి ఎవరు తిప్పారో మరి.
నలభై మూడు గడపలూ అర్జీ రాశాం సచివాలయానికి.
సిరా పూసినా నా ముద్ర గీతల్లేకుండా
నీలం మరకలా పడింది.
“మరకైనా పర్లేదక్కా, నీదేగా” అన్నాడు వినీలు.

అర్జీ ఏ బల్ల మీద ఉందో ఇంకా తెలీదు.
బాదులు పీకేశారు. యార్డు తెరిచారు. మళ్లీ అందరం దగ్గుతున్నాం.
అయిదుంబావుకి నాకు మెలకువొస్తుంది.
మంచంలోనే, కళ్లు మూసుకునే
ఎడమకి లెక్కపెడతాను.
పదకొండు దగ్గర ఆగి
వింటాను.